గంజి పట్టించిన ఆకు

ఆ బడిలో ఏడుగురు హెడ్మాస్టర్లు మారారు. సైన్సు టీచర్లు ఎంతమంది వచ్చిపోయారో ఆఫీసు గుమాస్తాకే గుర్తులేదు. మారనివాడు అయోడిన్ తాత ఒక్కడే. ఆయన ప్రయోగశాల అటెండరు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ ఎప్పుడూ గోధుమరంగు మరక ఉండేది. ఏ సబ్బుకూ లొంగని మరక అది. దాన్ని బట్టే పిల్లలు ఆ పేరు పెట్టారు. టీచర్లు మాత్రం బాబాయ్ గారూ అనేవారు. ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఆయనకున్న గర్వం ఒక్కటే. ఆయన సిద్ధం చేసిన ప్రయోగం ఏనాడూ తప్పలేదు. ముఖ్యంగా ఆకు ప్రయోగం. అది అందరూ చదువుకున్నదే: మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టాలి, తర్వాత ఒక ఆకుకు అడ్డంగా నల్ల కాగితం పెట్టి ఎండలో ఉంచాలి, ఆ ఆకును కోసి ఉడకబెట్టి, స్పిరిట్‌లో పచ్చరంగు పోగొట్టి, అయోడిన్ చుక్కలు వెయ్యాలి. ఎండ తగిలిన చోట ఆకు నల్లబడుతుంది, అంటే అక్కడ పిండి పదార్థం తయారైందన్నమాట. కాగితం కింది భాగం నల్లబడదు. బయట ముసురు పట్టి మూడు రోజులు సూర్యుడే కనపడకపోయినా సరే, అయోడిన్ తాత తెచ్చిన ఆకు మాత్రం నిక్షేపంగా నల్లబడేది. ఆ రోజుల్లో టీచర్లు కూడా ఎందుకూ ఏమిటీ అని అడిగిన పాపాన పోలేదు. తరగతి గడిస్తే చాలు వాళ్ళకు.

ఆయన కిటుకు ఆయనకు ముందు పనిచేసిన ముసలి అటెండరు నేర్పినది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ పెద్దాయన ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి, ఒక చిన్న గిన్నె, మెత్తటి బ్రష్షు చేతిలో పెట్టాడు. గిన్నెలో బట్టలకు పెట్టే గంజి, బాగా పలచగా ఉంది.

"ఆకుకు పిండి పట్టించాలి. పచ్చరంగు పోయాక, తరగతిలోకి తీసుకెళ్ళే ముందు. కాగితం పెట్టిన చోట వదిలెయ్యి. పలచగా పట్టించు, ముద్దలు కడితే పిల్లలకు కనపడుతుంది" అన్నాడు.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషికి అందులో మోసం ఏమీ తోచలేదు. టీచరు తరగతిలో నిలబడి "చూశారా, ఆకులో పిండి ఉంది" అంటాడు. ఉండకేం, ఇప్పుడే నేను పట్టించాను కదా అనుకునేవాడు ఆయన తలుపు వెనక. నాటకంలో వాన కురవాలంటే తెర వెనక ఎవరో ఒకరు నీళ్ళు పొయ్యాలి, ఆ మనిషి తనేనని నమ్మాడు. మొక్క గాలినీ నీళ్ళనీ ఎండనీ కలుపుకుని తన తిండి తనే వండుకుంటుందన్న మాట పిల్లలకు చెప్పే కథ అనుకున్నాడు. కథ బాగుంది. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట నోరు తిరగని పిల్లలకు తనే దగ్గరుండి పలికించేవాడు కూడా. కానీ గాలి తిని ఎవరైనా బతుకుతారా? మొక్క తినేది మట్టిని. అందులో ఆయనకు రవ్వంత సందేహం లేదు.

అందుకే వెనక గదిలో, బీరువాకూ గోడకూ మధ్య, ఎండ పొడ తగలని మూల ఒక మందార మొక్కను కుండీలో ఉంచి పోషించేవాడు, ప్రయోగానికి ఆకు దాని నుంచే కోసేవాడు. అది సన్నగా, పాలిపోయి, తలుపు వైపు వంగి పెరిగేది. ఏడాది తిరిగేసరికి చచ్చిపోయేది. ఆయన బాధపడి, మట్టి మంచిది కాదనుకుని, మంచి మట్టి తెచ్చి పోసి ఇంకో మొక్క నాటేవాడు. ఇరవై ఏడేళ్ళలో ఇరవైకి పైగా మొక్కలు. ప్రతిసారీ మట్టినే మార్చాడు, మూలను మార్చలేదు.

ఆయన రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు ఉందనగా కొత్త టీచరమ్మ వచ్చింది. సైకిలు మీద వచ్చేది, వస్తూనే కిటికీలన్నీ తెరిచేది. మొదటి సోమవారమే అలవాటు ప్రకారం ఆయన అడిగాడు.

"ఆకు ప్రయోగం ఏ రోజు పెట్టుకుంటారమ్మా? ముందు చెప్తే నేను సిద్ధం చేసి ఉంచుతాను."

"వద్దులెండి బాబాయ్ గారూ. అన్నీ పిల్లల చేతే, వాళ్ళ ముందే చేయిద్దాం. మీరు కూర్చుని చూడండి చాలు" అంది ఆమె.

కూర్చుని చూడ్డమా? ఆయన గుండెల్లో రాయి పడింది. తన చెయ్యి పడకపోతే ఆకు నల్లబడదు, టీచరమ్మ తరగతి ముందు నవ్వులపాలవుతుంది. ఆయన దిగులు తన గురించి కాదు, నిజంగా ఆమె గురించే. టీచరమ్మ ఇంటి నుంచి ఒక బలమైన మందార మొక్కను తెచ్చింది. రెండు రోజులు బీరువాలో పెట్టించింది. గురువారం పొద్దున్నే డాబా మీద ఎండలోకి ఎక్కించింది. పిల్లలు ఒక ఆకుకు రెండువైపులా నల్ల కాగితం పెట్టి క్లిప్పు తగిలించారు. ఇంకో ఆకు సగాన్ని ఒక సీసాలోకి దూర్చి, సందుల్లో దూది కుక్కారు. సీసా అడుగున ముందే ఏదో మందు పోసి ఉంచింది టీచరమ్మ, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుందట.

శుక్రవారం మధ్యాహ్నం తరగతి. అయోడిన్ తాత చొక్కా జేబులో గంజి సీసా ఉంది, చిన్నది, మూత బిగించినది. బ్రష్షు కూడా ఉంది. సందు దొరికితే చాలు, రెండు నిమిషాల పని. కానీ టీచరమ్మ సందివ్వలేదు. ఆకుల్ని పిల్లల చేత కోయించింది, మంట దగ్గర పని కాబట్టి తనే మరిగే నీళ్ళలో వేసింది, తర్వాత మంట ఆర్పేసి, స్పిరిట్ గిన్నెను ఆ వేడినీళ్ళలో నిలబెట్టింది. పచ్చరంగంతా స్పిరిట్‌లోకి దిగిపోయి ఆకులు తెల్లకాగితంలా తేలాయి. ఒక పిల్ల వాటిని కడిగి తెల్లటి పింగాణీ పలక మీద పరిచింది. ఇంకో పిల్లాడు అయోడిన్ చుక్కలు వేశాడు.

అయోడిన్ తాత కళ్ళు మూసుకున్నాడు. టీచరమ్మ ముఖం చూడలేననుకున్నాడు.

"నల్లబడింది" అన్నారు పిల్లలు.

ఆయన కళ్ళు తెరిచాడు. మొదటి ఆకు అంచు నుంచి అంచుకు ముదురు నీలమై, నల్లబడుతోంది. మధ్యలో కాగితం పెట్టిన పట్టీ ఒక్కటే గోధుమరంగులో ఉండిపోయింది. రెండో ఆకులో సీసా బయట ఉన్న సగం నల్లబడింది, సీసా లోపలి సగం నల్లబడలేదు.  ఒక్క క్షణం తన జేబు తడుముకున్నాడు. సీసా ఉంది. మూత బిగించే ఉంది.  నోరు తెరిస్తే ఏం బయటపడుతుందో చూసుకోకుండా అడిగేశాడు.

"మీరెప్పుడు పట్టించారమ్మా?"

"ఏమిటి బాబాయ్ గారూ?"

"గంజి."

పిల్లలు ఘొల్లున నవ్వారు. తాత జోకు వేశాడనుకున్నారు. టీచరమ్మ నవ్వలేదు. ఆయన ముఖంలోకి చూసింది, జేబు మీద ఉన్న చేతిని చూసింది, పాఠం ఆపకుండా మిగతా సగం చెప్పి గంట కొట్టేదాకా తరగతి నడిపింది. పిల్లలు వెళ్ళిపోయాక తలుపు దగ్గరగా వేసి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన దాచుకోలేదు. దాచడానికి ఆయనకు అది తప్పని తెలిస్తే కదా. పెద్దాయన గిన్నె దగ్గర్నుంచి జేబులో సీసా దాకా అంతా చెప్పాడు. వింటున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది.

"ఇరవై ఏడేళ్ళా?"

"ఇరవై ఏడు. ఒక్కసారి కూడా తప్పలేదమ్మా."

ఆమె పలక మీది ఆకును దగ్గరికి లాక్కుంది.

"నేను చదువుకున్న బడిలో కూడా ఎప్పుడూ తప్పలేదు బాబాయ్ గారూ" అంది చిన్న గొంతుతో. "మా అటెండరు గారు కూడా చాలా పనిమంతులని చెప్పుకునేవాళ్ళం."

 

"అయితే అది నిజమేనా?" అన్నాడాయన. "ఎండ తిని, గాలి తిని, ఆకు తనంతట తనే…"

"నిజమే. ఎండను తినదు. ఎండ పొయ్యి లాంటిది. నీళ్ళు వేళ్ళ నుంచి వస్తాయి, వాయువు ఆకు కిందున్న చిన్న చిన్న నోళ్ళలోంచి లోపలికి పోతుంది. పచ్చరంగు ఉందే, అదే వంటమనిషి. చక్కెర తయారుచేసి, మిగిలింది పిండిగా దాచుకుంటుంది. రాత్రి ఆ పిండిని కరిగించి వాడుకుంటుంది. మీ మూలన ఉన్న మొక్క దగ్గర దాచుకోవడానికి ఎప్పుడూ ఏమీ మిగల్లేదు."

అయోడిన్ తాత వెనక గది తలుపులోంచి బీరువా పక్క మూలకేసి చూశాడు. ఈ ఏటి మొక్క తలుపు వైపు మెడ చాచుకుని ఉంది. ఇన్నేళ్ళూ దానికి మట్టి మార్చాడు. అది అడిగింది వెలుతురు. 

"ఇంకోటి ఉందమ్మా. అదీ చెప్పేస్తాను" అన్నాడు, అయిందేదో అయింది అన్నట్టు. "నీటిమొక్క బుడగల ప్రయోగం. అందులో కూడా నేను చెయ్యి పెట్టేవాణ్ణి. బుడగలు బాగా రావాలని నీళ్ళలో చిటికెడు తినే సోడా కలిపేవాణ్ణి."

ఆమె ఒక్కసారిగా తలెత్తింది. లేచి గాజు గ్లాసు తెచ్చి, నీటిమొక్క కొమ్మను అందులో తలకిందులుగా ముంచింది. టేబుల్ లైటు దగ్గరగా పెట్టి, లైటు వేడి తగలకుండా మధ్యలో ఇంకో నీళ్ళ గ్లాసు ఉంచింది. ఆయన్ని చేతి గడియారం చూసి లెక్కపెట్టమంది. తెగిన కాడ చివర నుంచి బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. లైటు బల్ల ఆ చివర ఉన్నప్పుడు నిమిషానికి తొమ్మిది. సగం దూరం జరిపితే ఇరవై రెండు. ఇంకా దగ్గరికి తెస్తే ముప్పై నాలుగు. మరీ ఆనించి పెట్టినా ముప్పై నాలుగే.

"ఆగిపోయిందేం?" అన్నాడాయన.

"వెలుతురు చాలు, ఇప్పుడు దానికి వేరేది తక్కువైంది. మీ సోడా వెయ్యండి."

ఆయన చిటికెడు వేశాడు. కాసేపాగి లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది.

"సోడా బుడగలు కావా ఇవి?"

"సోడా మొక్కకు వాయువు అందిస్తుంది. బుడగలు వదిలేది మొక్కే. మీరు మోసం అనుకుని చేసింది ఒక్కటే సరిగ్గా చేశారు బాబాయ్ గారూ."

 ఐసుముక్కలు వేస్తే బుడగలు పదకొండుకు పడిపోవడం చూశాడు. మరీ వేడెక్కించినా వంట చెడుతుందనీ, ఎండ మండిపోయి నీళ్ళు చాలని రోజున ఆకు తన నోళ్ళు మూసుకుంటుందనీ, నోరు మూస్తే వాయువూ లోపలికి పోదనీ విన్నాడు. వెలుతురు, వాయువు, వేడి, నీళ్ళు, వీటిలో ఏది తక్కువైతే దాని దగ్గరే పని ఆగిపోతుందట. ఇంట్లో కూతురి కుట్టుపని గుర్తొచ్చింది ఆయనకు. గుండీలు అయిపోతే మిషను ఎంత వేగంగా తొక్కినా చొక్కా పూర్తికాదు.

కూతురు గుర్తుకు రావడమే తడవు, ఆయన నిలువునా నీరైపోయాడు.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. కూతురు పదో తరగతి. ఇంటి కిటికీలన్నీ దాని సీసాలే, తడిదూదిలో మొలకలే. సైన్సు టీచరునవుతానని ఊరంతా చాటిన పిల్ల. ఒక సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి అడిగింది: "నాన్నా, ఆకులో నిజంగా పిండి తయారవుతుందా?" ముద్దుల కూతురు. బయటివాళ్ళకు చెప్పని గుట్టు దానికి చెప్పకుండా ఎలా ఉంటాడు? పక్కన కూర్చోబెట్టుకుని గంజి సంగతి చెప్పాడు. అది పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే మిగతావన్నీ అంతేనా?" అంది. "అంతే మరి. అన్నిటి వెనకా ఎవరిదో ఒక చెయ్యి ఉంటుంది" అన్నాడు తను, లోకం చూసిన మనిషిలాగా. ఆ ఏడాది చివర కూతురు సైన్సు వద్దంది. సీసాలు కడిగి బోర్లించింది. ఆ తర్వాత కుట్టుపని నేర్చుకుంది, మంచి పేరు తెచ్చుకుంది, ఇంటి ముందుగదిలోనే మిషను పెట్టుకుంది. అప్పటి నుంచి ఏ ప్రకటన విన్నా, ఏ డాక్టరు ఏం చెప్పినా, వాతావరణం వార్త చదివినా దానిది ఒకటే మాట: "గంజి పట్టించి ఉంటార్లే." ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. అందరికన్నా ఎక్కువగా తనే నవ్వేవాడు.

నల్లబడిన ఆకును రెండు గాజుపలకల మధ్య పెట్టి, రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. కూతురు మిషను మీద ఏదో జాకెట్టు మెడ కుడుతోంది. ఆయన ఆకును దాని ముందు పెట్టాడు.

"ఇది టీచరమ్మ చేసింది. నేను ముట్టుకోలేదు. దానంతట అదే నల్లబడిందమ్మా. పిండి నిజంగానే ఆకులో తయారవుతుందట."

కూతురు మిషను ఆపి ఆకును వెలుతురులో పట్టుకుని చూసింది.

"బాగా కుదిరింది. ఎప్పుడు పట్టించావు?" అంది.

"పట్టించలేదు. నీ మీద ఒట్టు."

"పోనీ ఆ టీచరమ్మ పట్టించిందేమో. ఎవరో ఒకరు పట్టించే ఉంటారు నాన్నా. నువ్వే కదా చెప్పావు."

ఎవరైనా చెంప మీద కొట్టినా ఆయన అంత అదిరిపడేవాడు కాదు. తను తరగతిలో అడిగిన మాటే, తన నోట్లోని మాటే, కూతురి నోట్లోంచి వచ్చింది. బుడగల గురించి చెప్పాడు, సీసాలోని సగం ఆకు గురించి చెప్పాడు, చెప్పేకొద్దీ దాని కళ్ళలో పాత నవ్వే కనిపించింది.  తండ్రి కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి కూతురు నవ్వు ఆపింది. ఆయన అలా ఉండగా అది ఏనాడూ చూడలేదు.

"సరే. నేనే చేస్తాను" అంది. "నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

పెట్టలేదు. కూతురు పక్కింటివాళ్ళ మొక్క కుండీ అడిగి తెచ్చుకుంది. దాన్ని రెండు రోజులు బట్టల బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకుంది. మూడో రోజు బట్టల లోపల వేసే నల్ల అస్తరుగుడ్డను రెండు మడతలు వేసి, అంచు వంకరటింకరగా వచ్చే పళ్ళ కత్తెరతో కత్తిరించింది. "ఈ పళ్ళ వెంబడి బ్రష్షుతో పూయడం ఎవరి తరమూ కాదు" అంది, ఆయనకేసి చూడకుండా. ఆకుకు రెండువైపులా ఆ గుడ్డ పెట్టి, గుండుసూదులు ఆకుకు గుచ్చకుండా గుడ్డకే గుచ్చి బిగించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమ్మంలో కుండీ పక్కనే స్టూలు వేసుకుని కాజాలు కుట్టింది.

పొద్దు వాలేవేళ వంటగదిలో నీళ్ళు మరిగాయి. ఆకు ఉడికింది. మంట ఆర్పింది, వేడినీళ్ళలో స్పిరిట్ గ్లాసు నిలబెట్టింది. ఆయన గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు, అడిగితే తప్ప పలకలేదు. తెల్లబడిన ఆకును అది కంచంలో పరిచి, మందుల దుకాణం నుంచి తెచ్చిన అయోడిన్ చుక్కలు తన చేత్తోనే వేసింది.

ముందు గోధుమరంగు. తర్వాత అంచుల దగ్గర నీలం. ఆ నీలం లోపలికి పాకి, ముదిరి, నల్లబడి, గుడ్డ పెట్టిన చోట ఆగింది. పళ్ళ కత్తెర గీసిన వంకరలన్నీ ఆకు మీద అలాగే ఉన్నాయి. ఒక్క పన్ను కూడా చెరగలేదు.

  కూతురు ఆకును రెండు వేళ్ళతో ఎత్తి, కుళాయి కింద పట్టి, బొటనవేలితో రుద్ది కడిగింది. పైన పూసిందైతే పోవాలి. పోలేదు.

"ఆ రోజు ఎందుకు చెప్పావు నాన్నా?" అంది, కుళాయి కట్టకుండానే.

"నాకు తెలుసనుకున్నానమ్మా."

 కూతురు ఆకును మళ్ళీ నీళ్ళ కింద పెట్టి, ఇంకోసారి కడిగింది.